గని మూశారు సరే, ఊరి సంగతి?

మా పెద్దనాయన కోలారు బంగారు గనిలో దిగి పనిచేసినవాడు. వానల్లేక సేద్యం గిట్టని మా కుప్పం పక్క పల్లెల నుంచి, తమిళ జిల్లాల నుంచి వేలమంది అలాగే వెళ్లారు. సెలవులకు పోతే కంపెనీ లైన్లో వాళ్లది ఒకటే గది, ముందు చిన్న వసారా. షిఫ్టు సైరన్‌ను బట్టే ఆ వీధిలో పొయ్యి వెలిగేది.

1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టాక ఈ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) దశ తిరిగింది. 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు గనులకు అందింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది మరో మూడేళ్లకు. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. కూలీలకు తడికల గుడిసెలు. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అక్కడ రాయి ఒళ్లు కాల్చేంత వేడి, ఒత్తిడికి పేలి ప్రాణాలు తీసేది. బయటపడ్డవాళ్లలో ఎందరి ఊపిరితిత్తులనో రాతిదుమ్ము తినేసింది. నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం పైకొచ్చింది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. బంగారం తగ్గింది, ఖర్చు పెరిగింది. మూయడాన్ని నేను తప్పుపట్టను. ఇల్లు, నీళ్లు, ఆసుపత్రి అన్నిటికీ కంపెనీ మీదే ఆధారపడ్డ ఊరికి మరో బతుకుదెరువు చూపకుండా మూయడం మాత్రం అన్యాయం. తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి చూడండి. గని కార్మికుల బిడ్డలు కిక్కిరిసి బెంగళూరుకు పనికి పోతుంటారు, రాత్రికి తిరిగొస్తారు. ఊళ్లో మిగిలినవి సైనైడ్ దిబ్బలు, అంటే సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన రాతిపొడి గుట్టలు. ఎండాకాలం గాలి లేస్తే ఆ బూడిదరంగు పొడి మూతపెట్టని అన్నం గిన్నెలోకి వచ్చి పడుతుంది. ఆ దిబ్బల్లో ఇంకెంత బంగారం ఉందో లెక్కగట్టేవాళ్లున్నారు, వాటి పక్కన బతికేవాళ్ల గోడు పట్టించుకునేవాళ్లే తక్కువ.

ఇది పొరుగు రాష్ట్రం గొడవ అనుకోకండి. సింగరేణి బొగ్గు గనుల్లో 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అక్కడి బెల్లంపల్లి, ఇల్లెందు వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బొగ్గు గనుల మూసివేతకు ముందే ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే కట్టుబడిన విడి ఖాతాలో) డబ్బు జమచేయాలని నిబంధన ఉంది. ఆ డబ్బు గుంతలు పూడ్చి మొక్కలు నాటడంతో సరిపెట్టకుండా, ఊళ్లో మరో పరిశ్రమకు, పిల్లల చదువుకు, క్వార్టర్లలో ఉన్నవాళ్ల ఇంటి పట్టాలకు కూడా కేటాయించాలి. కార్మిక సంఘాలు వేతన ఒప్పందంతో పాటు దీన్నీ బల్లమీద పెట్టాలి. మీ ఊరి గని ఇంకెన్నేళ్లు నడుస్తుందో, ఆ తర్వాత ఊరికి ఏం చేస్తారో యాజమాన్యాన్ని ఇప్పుడే అడగండి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.