సీసాలో గంజాయి, ఒంట్లో నొప్పి: ఎవరు జవాబుదారీ?

పోయిన పత్తి తీతల కాలంలో కోడేరులో స్త్రీల సమావేశానికి వెళ్ళాను. భూమి పట్టాల గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాం, మాటలు నడుం నొప్పి మీదికి మళ్ళాయి. ఏ ఊళ్ళో కూర్చున్నా అలాగే మళ్ళుతాయి. అరవైకి దగ్గరపడిన ఒక కూలీ తల్లి కొంగు ముడి విప్పి వేలెడంత సీసా నా చేతిలో పెట్టింది. హైదరాబాదులో పనిచేసే కొడుకు ఫోనులో చూసి తెప్పించాడట.

"నాలుక కింద నాలుగు సుక్కలు ఏసుకోమన్నడు బిడ్డా. నొప్పి జర తగ్గినట్టే ఉంటది గని, తెల్లారి లేస్తే తల తిరుగుతది. ఇది గంజాయే అంటున్నరు. నన్ను పోలీసోళ్ళు పట్కపోతరా?"

సీసా మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. విజయా పత్ర సారం, నువ్వుల నూనె, ఇన్ని మిల్లీగ్రాములు అని చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. సోషియాలజీలో డాక్టరేటు చేసిన నేనే కళ్ళజోడు పెట్టుకుని, సీసాను దీపం దగ్గరకు తీసుకెళ్ళి చదవాల్సి వచ్చింది. చదువు రాని స్త్రీ నాలుక కింద వేసుకునే మందు మీద ఆమెకోసం రాసిన మాట ఒక్కటీ లేకపోవడం పొరపాటు కాదు. కొనేవాడు కొడుకు, అమ్మేవాడు కంపెనీ. మింగే మనిషి ఆ లెక్కలోనే లేదు.

ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. ఇది నేరమా? ఇది హానా?

మొదటిదానికి జవాబు చట్టంలో ఉంది. 1985 ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. ఆ ఆకే ఉత్తరాదిలో భంగు, ఆయుర్వేదంలో విజయ. ఈ సందులోంచే కంపెనీలు వచ్చాయి. లైసెన్సు ఉన్న ఆయుర్వేద తయారీదారు ఆకుతో చేసిన మందును వైద్యుడి చీటీ మీద కొనుక్కుంటే నేరం కాదు. అయితే మందుల నిబంధనల్లోని ఇ(1) షెడ్యూలు ఈ ఆకును విషపదార్థాల జాబితాలోనే పెట్టింది. వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండి తీరాలి. ఆమె సీసా మీద ఆ హెచ్చరిక ఉంది, ఇంగ్లీషులో. పర్యవేక్షించే వైద్యుడు మాత్రం ఫోనులో మూడు నిమిషాలు కొడుకుతో మాట్లాడినవాడు. తల్లిని చూడలేదు, తల్లితో మాట్లాడలేదు.

అదే మొక్క పూత ఇరవై కిలోలు దాటి మూటలో దొరికితే పది నుంచి ఇరవై ఏళ్ళ జైలు, లక్షకు తగ్గని జరిమానా. 37వ సెక్షను వల్ల బెయిలు దొరకడం గగనం. విశాఖ మన్యం నుంచి మోత కూలికి మూటలు మోసి పట్టుబడిన ఆదివాసీ స్త్రీలు ఆ సెక్షను కిందే జైళ్ళలో మగ్గారు. పంట వేయించిన పెట్టుబడిదారు రైలెక్కడు కదా! ఆకుకూ పూతకూ తేడా చట్టానికి తెలుసు. మోసే మనిషికీ మోయించే మనిషికీ ఉన్న తేడా మాత్రం దానికి ఎందుకో కనబడదు.

రెండో ప్రశ్న కష్టమైనది. మన ఉద్యమాల్లో కూడా దీని మీద తొందరపాటు మాటలు వింటున్నాను. గంజాయి అనగానే చెవులు మూసుకునేవాళ్ళు ఒకవైపు, మన ప్రాచీన వైద్యం, స్త్రీల సొంత మందు అని పొంగిపోయేవాళ్ళు ఇంకోవైపు. ఇద్దరి మాటలూ ఆ తల్లికి పనికిరావు.

ఈ మొక్కలో వంద పైచిలుకు ప్రత్యేక రసాయనాలున్నాయి. ముఖ్యమైనవి రెండు. టి.హెచ్.సి. మత్తునిస్తుంది, నొప్పి తెలియకుండా చేస్తుంది. సి.బి.డి. మత్తివ్వదు. 1839లో కలకత్తాలో ఓషానెసీ అనే వైద్యుడు ధనుర్వాతం, కీళ్ళ నొప్పులున్న రోగులకు వాడి చూసి రాసిన తర్వాతే పడమటి వైద్యం దీన్ని చేరదీసింది. 1890లో ఇంగ్లండు రాజకుటుంబ వైద్యుడు రేనాల్డ్స్ బహిష్టు నొప్పికి కూడా పనికొస్తుందని రాశాడు. అంతే, విక్టోరియా రాణే వాడిందని ప్రకటనలు రాస్తున్నారు. రాణిగారు వాడినట్టు ఏ ఆధారమూ లేదు. వాడినా, రాణి నడుం వేరు, నాట్లేసే నడుం వేరు.

ఇప్పటి ఆధారాలు చూద్దాం. క్యాన్సర్ మందులతో వచ్చే వాంతులకు టి.హెచ్.సి. రకం మాత్రలు 1985 నుంచి అమెరికాలో అనుమతి పొందినవి. పిల్లల్లో వచ్చే రెండు అరుదైన, మొండి మూర్ఛలకు శుద్ధి చేసిన సి.బి.డి. మందును 2018లో అక్కడే ఒప్పుకున్నారు. నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోతే నోట్లో కొట్టే మందు 2010 నుంచి బ్రిటనులో ఉంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషను 27–25 ఓట్లతో గంజాయిని అతి కఠినమైన జాబితా నుంచి తీసేసినప్పుడు భారతదేశం అనుకూలంగానే ఓటేసింది. కాబట్టి మందు కాదని ఎవరూ అనలేరు.

మరి నడుం నొప్పికి, బహిష్టు నొప్పికి? ఆస్ట్రేలియాలో ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీలను అడిగిన సర్వేల్లో చాలామంది ఉపశమనం ఉందన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. నొప్పి గురించి స్త్రీ చెప్పింది నమ్మకపోవడమే మన వైద్యానికి పాత జబ్బు. కానీ సర్వే పరీక్ష కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2021లో, ఈ మందులను నొప్పికి సాధారణంగా వాడమని చెప్పేందుకు సరిపడా ఆధారాలు లేవని తేల్చింది.

ఇక "సహజం కాబట్టి హాని లేదు" అనే మాట. గన్నేరు పప్పు సహజం కాదా? తల తిరగడం, నిద్రమత్తు, నోరెండిపోవడం, గుండెదడ, లేచి నిలబడితే బి.పి. పడిపోవడం టి.హెచ్.సి. లక్షణాలు. కొందరికి భయం, భ్రమలు వస్తాయి. ఇంట్లో మతిభ్రమణ చరిత్ర ఉంటే ఇంకా ప్రమాదం. ఎక్కువ కాలం వాడితే అలవాటు పడతారు. సి.బి.డి. ఎక్కువ మోతాదులో కాలేయాన్ని దెబ్బతీయవచ్చు, ముఖ్యంగా మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళలో. రక్తం పలచబడే వార్ఫరిన్ మందు బలాన్ని పెంచుతుంది. గర్భిణులు వాడితే బిడ్డ బరువు తగ్గవచ్చు, బాలింతల పాలలోకి దిగుతుంది. మన పాలమూరులో ఇంకో సంగతి ఉంది. కల్లులో ఆల్ప్రజోలం కలిపి అమ్మే చోట, ఆ కల్లు తాగే మనిషి పైన ఈ చుక్కలు వేసుకుంటే మత్తు మీద మత్తు. ఏ ప్రకటన చెబుతుందిది?

ఆ తల్లిని అడిగాను, నొప్పి ఎప్పటినుంచి అని. "గర్భసంచి తీసినంక ఎక్కువైంది" అంది. ఎప్పుడు తీశారు? మూడో కాన్పు తర్వాత, ముప్పై నిండకుండానే. ఎందుకు తీశారు? తెల్లబట్ట, నడుం నొప్పి. తీయకపోతే క్యాన్సర్ అవుతుందని ఒక ప్రైవేటు డాక్టరు భయపెట్టాడట. అండాశయాలు కూడా తీశారా అంటే ఆమెకు తెలియదు. ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఆగిపోతుంది, చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి. నడుం నొప్పి పోవడానికని చేసిన ఆపరేషనే నడుం నొప్పికి కారణమై ఉండవచ్చు. అలాంటి ఎముకలున్న మనిషికి పొద్దున్నే తల తిప్పే మందు ఇస్తే, ఒక్కసారి పడితే చాలు తుంటి విరగడానికి. దుష్ఫలితం అనే మాటకు అర్థం ఆమె వాకిట్లో ఇది.

ఆమె ఒక్కతే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశం మొత్తంమీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9 శాతం. అది కూడా నలభై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళ లెక్క. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. నొప్పి అంటే కోసేశారు. కోసిన చోట నొప్పి మిగిలితే ఇప్పుడు చుక్కలు అమ్ముతున్నారు. నొప్పి ఎందుకు వచ్చిందని అడిగినవాళ్ళు లేరు.

స్త్రీలకు చెప్పకుండా మందు వేయడం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టి, ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్ళింది. దుష్ఫలితాలు వివరిస్తే చాలామంది స్త్రీలు ఆ సూదికి ఒప్పుకోలేదు. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. అప్పుడు ప్రభుత్వం, అంతర్జాతీయ సంస్థ. ఇప్పుడు సొంత కొడుకు ఫోను. ప్రేమతోనే తెప్పించాడు, కాదనను. అయినా అడగకుండా తెప్పించాడు.

నేను నిషేధం అడగడం లేదు. నిషేధం వస్తే మొదట సోదా చేసేది ఆ తల్లి కొంగునే. టి.హెచ్.సి. ఎంతుందో, ఎవరు వాడకూడదో తెలుగులో, పెద్ద అక్షరాల్లో సీసా మీద రాయాలి. రోగిని చూడకుండా చీటీ రాసే వైద్యుడి మీద చర్య ఉండాలి. బహిష్టు బాధలు నయం చేస్తామనే ప్రకటనలను 1954 చట్టమే నిషేధించింది, దాన్ని అమలు చేస్తే చాలు. కొత్త చట్టం అక్కర్లేదు. మండల ఆసుపత్రిలో నొప్పికి పరీక్ష, ఎముకల పరీక్షకు దారి ఉండాలి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ దొరకడం తేలిక చేస్తూ 2014లో ఎన్.డి.పి.ఎస్. చట్టాన్నే సవరించారు. ఆ మాత్ర ఊళ్ళో మంచం పట్టిన స్త్రీ దాకా రావాలి.

సీసా నేను లాక్కోలేదు. పోలీసులు రారని చెప్పాను. చుక్కలు వేసుకుంటే మంచం మీంచి మెల్లగా, గోడ పట్టుకుని లేవమని, కల్లు తాగిన రోజు వేసుకోవద్దని, నాగర్‌కర్నూలు వెళ్ళి ఎముకల పరీక్ష చేయించుకోమని చెప్పాను. అంతా విని సీసాను మళ్ళీ కొంగున ముడేసుకుంది.

"పోతగని బిడ్డా, ఆ దినం కూలి ఎవరిస్తరు?"