కోసే చెయ్యి, కొలిచే చెయ్యి

"అడవికి శత్రువు రంపం" అనే మాట మన సాహిత్య సభల్లో ఈమధ్య తరచు వినబడుతున్నది. ఈ మాట అంటున్నవాళ్ళు భావకవిత్వపు వారసులు మాత్రమే అయితే నేను కలం పట్టవలసిన అవసరం వుండేది కాదు. మన శిబిరంలోని మిత్రులు కూడా అదే పల్లవి అందుకున్నారు. చెట్టు తల్లి, గొడ్డలి కసాయి, కోతమిల్లు కబేళా: ఈ మూడు ఉపమానాలతో కవితలు కట్టలు కట్టలుగా వస్తున్నాయి. వారి సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. నా అభ్యంతరం ఒక్కటే. ఆ కవితల్లో మనిషి లేడు. వాటిలో రంపం తనంతట తాను తిరుగుతుంది, దుంగ తనంతట తాను దొర్లివచ్చి దాని మీద పడుతుంది. పనిముట్టును బోనులో నిలబెట్టి, దాని యజమానిని పెద్దమనిషిగా పక్కన కూర్చోబెట్టడం ఎలాంటి విచారణ? దీన్ని అభ్యుదయ దృక్పథమని ఎట్లా అంటాం?

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, మైదానం ముగిసి అడవి మొదలయ్యే చోట ఒక కళాశాలలో నేను తెలుగు చెబుతున్నాను. ఈ అడవికి సాహిత్యంలో పేరు తెచ్చినవి 'కిన్నెరసాని పాటలు'. విశ్వనాథ సత్యనారాయణ ఇక్కడి వాగును అత్తింటి బాధ పడలేక కరిగి నీరైపోయిన కోడలిగా, ఆమె భర్తను శిలగా మార్చాడు. కల్పనగా అది గొప్పదే. కాని ఆ పాటలు పుట్టేనాటికి, 1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకానికి మూడు దశాబ్దాలు నిండాయి. గని కప్పు కూలకుండా గుంజ కావాలి. రైలుపట్టా కింద దిమ్మె కావాలి. కవికి వాగులో కన్నీరు కనిపించిన కాలానికే చెట్టు పెట్టుబడికి ముడిసరుకైపోయింది. ఆ సంగతి పాటలోకి రాలేదు.

మరి మనం ఏం చేశాం? కిన్నెరను తీసేసి ఆ స్థానంలో వీరుణ్ణి నిలబెట్టాం. 1879 రంప పితూరీ, 1922 నుంచి 1924 దాకా సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటం, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరత్వం, ఇవన్నీ పాడదగినవే, ఇంకా పాడవలసినవే. కాని విల్లు దించిన మర్నాడు ఆ మనిషి ఏ పనికి పోయాడు, ఎంత కూలికి పోయాడు అనే ప్రశ్న మన కథలు అరుదుగా అడిగాయి. పాపికొండల్లో కొండరెడ్లు కలప, వెదురు వర్తకుల చేతుల్లో చిక్కి కూలి చేసుకుంటున్న సంగతిని 1945లో పుస్తకంలోకి ఎక్కించినవాడు హైమన్‌డార్ఫ్ అనే పరదేశీయుడు. రంప పితూరీ మీద మనం చాలా రాశాం. రంపం పట్టినవాడి మీద రాయలేదు.

ఆ రంపం పట్టినవాణ్ణి ఒకసారి చూద్దాం. మా ఊరి చివర చిన్న సామిల్లు ఒకటి వున్నది. రేకుల షెడ్డు, కరెంటు మోటారు, తోలుబెల్టు, దాని చివర చక్రపు రంపం. దుంగను నలుగురు గడ్డపారలతో ఎత్తి దొర్లించి బల్ల మీదికి ఎక్కిస్తారు. మేస్త్రి దాని రెండు మొదళ్ళూ చూస్తాడు: పగులు ఎటు పోయింది, ముడి ఎక్కడ వున్నది, చేవ ఎంతవరకు పట్టింది. మొదటి కోతకు బెరడుతోపాటు పైచెక్క వూడివస్తుంది. దుంగను పక్కకు తిప్పి రెండో కోత, మూడో కోత. నాలుగు పక్కలూ చదునైన తర్వాత దూలమో వాసమో పలకో తీస్తారు. టేకులో ఇసుకను పోలిన పదార్థం వుంటుంది గనుక రంపం పళ్ళు తొందరగా మొద్దుబారతాయి. ఆకురాయితో ఒక్కొక్క పన్నూ పదునుపెట్టి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచాలి. జామాయిల్ దుంగది వేరే సంగతి. పెరిగేటప్పుడు లోపల దాచుకున్న బిగువంతా కోత పడగానే వదులుతుంది. పలక వంకర తిరుగుతుంది, కోత మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది, దుంగ వెనక్కి తన్నుతుంది. రంపం వెనక కోతను విడదీసి పట్టే ఒక ఉక్కురేకు, పైన ఒక తొడుగు వుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. నేను చూసిన మిల్లులో ఈ రెండూ లేవు. మేస్త్రి కుడిచేతికి బొటనవేలూ లేదు.

"కోసేది నేను సారూ. కొలిచేది షావుకారి మనిషి. నేను కోసింది ఎంతైందో సాయంత్రం ఆయన చెప్తేనే నాకు ఎరుక" అన్నాడాయన. మన అర్థశాస్త్ర గ్రంథాలు నాలుగు అధ్యాయాల్లో చెప్పేది ఈ నాలుగు ముక్కల్లో వున్నది. అందుచేత ఈ వ్యాసంలో నేను రంపాన్ని వదిలిపెట్టి, కొలబద్దను విచారిస్తాను.

మొదటి కొలత దుంగది. నడిమికి తాడు చుట్టి చుట్టుకొలత తీస్తారు. అందులో నాలుగోవంతును దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేస్తారు. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు వున్న దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. అదే దుంగను హైస్కూలు పిల్లవాడు వృత్త వైశాల్యం సూత్రంతో లెక్కగడితే సుమారు 12.7 వస్తుంది. అంటే నూటికి 21 పాళ్ళకు పైగా కలప, రంపం తిరగకముందే, కాగితం మీద మాయమైంది! ఇది మన షావుకారు కనిపెట్టిన విద్య కాదు. 1736లో ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లీషు సర్వేయరు అచ్చువేసిన పట్టికల నుంచి సామ్రాజ్యమంతటా పాకింది. దుంగను చదును చేసేటప్పుడు ఎటూ వృథా పోతుంది గనుక ముందే తీసేశామని దీనికి సమర్థన. ఎక్కడికి పోతుందయ్యా ఆ వృథా? పైచెక్క పొయ్యిలోకి అమ్ముడుపోతుంది. పావు అంగుళం మందాన కోత పడే రంపంతో అంగుళం పలకలు తీస్తే ఐదింట ఒక వంతు పొట్టవుతుంది. ఆ పొట్టూ బస్తాలకెక్కి అమ్ముడుపోతుంది. కొనేవాడికి వృథా అనేదే లేదు. చేనిగట్టు మీద టేకు పెంచి అమ్ముకున్న రైతుకూ, ఘనపుటడుగుకు ఇంతని కూలి మాట్లాడుకున్న పనివాడికీ మాత్రం వృథా వున్నది.

రెండో కొలత మనిషిది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం అనుబంధంలో శరీరానికి ఒక ధరలపట్టిక వేశారు. సంపాదనశక్తిలో బొటనవేలు నూటికి 30, చూపుడువేలు 14, చిటికెనవేలు 7. ఏకలవ్యుడి బొటనవేలికి మన పురాణం గురుదక్షిణ అని పేరుపెట్టి గౌరవించినట్టు నటించింది. ఈ చట్టం నటించలేదు, ధర కట్టింది. అయితే ఆ ధరైనా ఎవరికి ముడుతుంది? హాజరుపట్టీలో పేరు, కూలిచీటీలో అంకె వున్నవాడికి. రోజుకూలివాడికి ఆ పట్టీ ఎక్కడ?

మూడో కొలత తలకాయలది. యంత్రాలకు కంచె వేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం ఆదేశించింది. కరెంటుతో నడిచే చోట 10 మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ. ఆరుగురో ఏడుగురో వుండే సామిల్లు ఆ గీతకు ఇవతలే మిగిలింది. ఆ గీతను కిందికి దించవలసింది పోయి, 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మికస్మృతి దాన్ని 20కి ఎత్తింది. రంపానికి మాత్రం ఈ గణితం తెలియదు. పంతొమ్మిదో మనిషి వేలునూ ఇరవయ్యో మనిషి వేలునూ ఒకే విధంగా కోస్తుంది. కర్రపొట్టు ముక్కులోపల క్యాన్సరుకు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఆ పొట్టును తట్టకెత్తే ఆడకూలీకి ఈ కబురు చెప్పినవారు ఎవరు?

నాలుగో కొలత హక్కుది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, అడవిలో కోతమిల్లు నడపడం అటవీయేతర కార్యమనీ, కేంద్రప్రభుత్వపు ముందస్తు అనుమతి లేనివన్నీ తక్షణం ఆగాలనీ ఆదేశించింది. అదుపులేని మిల్లులు అడవిని తిన్నమాట నిజం. ఆ ఆదేశం అవసరమైన పరిస్థితి వచ్చిన మాటా నిజం. నేను దాన్ని కాదనడం లేదు. కాని 2006 అటవీహక్కుల చట్టాన్ని పక్కన పెట్టి చూడండి. వెదురు, తునికాకు, తేనె, బంక ఆదివాసులవి. చిన్నతరహా అటవీఫలం అనే మాటకు నిర్వచనమే కలప కానిది అని. ఆకు నీది, మాను నాది అన్న పంపకమిది. పర్ణశాల కట్టుకోవడానికి రాముడు ఎవరి పర్మిట్టూ అడగలేదు. ఆ పర్ణశాల పక్క గూడెంలో కోయవాడు గుడిసె గుంజకు కర్ర కొడితే సంజాయిషీ చెప్పుకోవాలి. మరోవైపు పోలవరం ముంపు నిమిత్తం 2014లో ఖమ్మం జిల్లా మండలాలను కోసి పక్క రాష్ట్రంలో కలిపారు. చెట్టు మునిగితే అభివృద్ధి, చెట్టు కోస్తే నేరం! ఈ కోతకు కవులు ఏ ఉపమానం వాడారో నాకు కనబడలేదు.

"అయితే ఊరూరా సామిల్లు పెట్టి అడవిని నరకమంటారా?" అని మిత్రులు అడుగుతారు. అనడం లేదు. ఎవరు కోయాలి, ఎంత కోయాలి, ఎవరు కొలవాలి అనే నిర్ణయం గ్రామసభ చేతికి రావాలంటున్నాను. ఇది గాలిమేడ కాదు. మనకు ఇరుగున వున్న గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖ అనే గోండు పల్లె 2011లో తన వెదురును తానే కొట్టి, తానే రవాణా చీటీ రాసి అమ్ముకునే హక్కు సాధించింది. మెక్సికోలో ఒహాకా రాష్ట్రపు ఇష్త్లాన్ వంటి మూలవాసుల ఊళ్ళు ఉమ్మడి అడవినీ, ఉమ్మడి కోతమిల్లునూ తామే నడుపుకుంటున్నాయి. అక్కడ అడవి నిలిచింది. కారణం సులభమే. టేకు చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. కాంట్రాక్టు గడువు రెండేళ్ళో మూడేళ్ళో వున్నవాడు మొలకను చూసి ఆగడు. తన మనమడు ఆ ఊళ్ళోనే బతకాలనుకునేవాడు ఆగుతాడు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ బంక, చింతపండు కొనగలిగినప్పుడు, ఒక గ్రామసభ మిల్లుకు తొడుగున్న రంపం, సరైన కొలబద్ద సమకూర్చడం ప్రభుత్వానికి అసాధ్యమా? కాదు. అడిగేవాళ్ళు లేరు. మన సాహిత్యం అడగడం మాని ఏడవడం నేర్చుకున్నది. ఆ ఏడుపు అడవిగాచిన వెన్నెల అయిపోతున్నది.

విద్యార్థి మిత్రులకు, తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. ఈ సెలవుల్లో మీ ఊరి సామిల్లుకు పొండి. చేతిలో నోటుపుస్తకంతోపాటు ఒక తాడు, ఒక అడుగుబద్ద కూడా వుంచుకోండి. దుంగను రెండు విధాలా కొలిచి, ఆ తేడా ఎంతో అక్కడి పనివాళ్ళ ముందే లెక్కగట్టండి. హాజరుపట్టీ వున్నదేమో అడగండి. ఎవరికి ఏ వేలు పోయిందో, ఏం ముట్టిందో రాసుకోండి. 'మహాప్రస్థానం' అచ్చయిన 1950 తర్వాత శ్రమను కవిత్వ వస్తువు కాదనే ధైర్యం తెలుగులో ఎవరికీ లేదు. శ్రమను కీర్తించడం మనకు వచ్చింది, శ్రమను కొలవడం ఇంకా రావాలి. చేవ అంటే శక్తి అని మన నిఘంటువు చెబుతుంది. మేస్త్రి మాటలో అది దుంగ నడిమధ్య వుండే గట్టి చెక్క, పురుగు తొలవలేని చెక్క. మన రచనకు కావలసినది ఆ రెండో అర్థంలో చేవ. అది కూలి లెక్క తెలిసిన రచనకే పడుతుంది.