సాయిబు చేతిలో గిటారేమిటి?

ఈ మాట నన్ను ఇద్దరు అడిగారు. ఒకాయన మా ఆపా వాళ్ల వీధిలో ఇళ్లు అద్దెకిచ్చే పెద్దమనిషి. ఇంకొకాయన మా మసీదులో మొదటి సఫ్‌లో నిలబడే పెద్దమనిషి. వాళ్లిద్దరికీ ఒకరి ముఖం ఒకరికి గిట్టదు. కానీ మా ఆపా కొడుకు భుజాన నల్లసంచిలో బేస్ గిటార్ వేసుకుని పోతుంటే మాత్రం ఇద్దరి నోటా ఒకటే మాట. మొదటాయన లెక్కలో సాయిబంటే పంచరు వెయ్యాలి, బిర్యానీ దమ్ము పెట్టాలి, మరీ కళాపోషణ ఉంటే ఖవ్వాలీ పాడాలి. రెండో ఆయన లెక్కలో తీగ ఉన్న వాద్యమంతా హరాం. ఒకరు మమ్మల్ని మ్యూజియంలో పెడతామంటారు, ఒకరు జహన్నంకు పంపుతామంటారు. మీకేం కావాలని అడిగినవాడు లేడు.

నేను రెండు భాషల పత్రికల్లో పనిచేసినవాణ్ణి. ఉర్దూలో రాస్తే మీరు చదవరు. తెలుగులో రాస్తే 'మీ తెలుగు బాగుందే' అంటారు. ఇక్కడే పుట్టిన వాడి తెలుగు బాగుండక ఏమవుతుంది? ఒకసారి సినిమా పాటల వెనక బేస్ వాయించేవాళ్ల మీద రాస్తానన్నాను. ఆదివారం పేజీలు చూసే ఆయన నవ్వి, 'రంజాన్ వస్తోంది కదా, హలీం మీద ఇవ్వండి' అన్నాడు. ఇచ్చాను. ఏటా ఇస్తూనే ఉన్నాను. హలీం, పీర్ల పండగ, ఖవ్వాలీ. ఎక్కడన్నా బాంబు పేలితే ఒక ఖండన. ఇంతకు మించి నాకు ఏదీ తెలిసి ఉండకూడదు.

అందుకే ఆ రోజు రాయనివ్వనిది ఇప్పుడు రాస్తున్నాను.

బేస్ గిటార్‌కు నాలుగు లావు తీగలు. మామూలు గిటార్‌లో కింది స్థాయి తీగలు నాలుగు ఏ స్వరాలో, ఇవీ అవే, ఒక స్థాయి కిందికి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. చెవికన్నా ముందు కడుపుకి తెలుస్తుంది. ఇళయరాజా పాట ఏదైనా ఒకటి గుర్తు చేసుకోండి. పల్లవి కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది, అది బేస్. దాన్ని తీసేస్తే పాట గాల్లో తేలిపోతుంది. ఉన్నంతసేపు మాత్రం ఎవరికీ పట్టదు. టైటిల్స్‌లో రాసినవాడి పేరుంటుంది, పాడినవాడి పేరుంటుంది. బేస్ వాయించినవాడి పేరు వెతుక్కోవలసిందే.

1951లో దీన్ని అమెరికాలో బజారుకు తెచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసుకునే మనిషి. గిటార్ వాయించడం రాదు. నిలువెత్తు పాత బేస్‌ను మొయ్యలేక, దాని మెడ మీద స్వరం ఎక్కడుందో వెతుక్కోలేక అవస్థపడుతున్నవాళ్లకి మెట్లు కొట్టి భుజాన తగిలించుకునేలా ఇచ్చాడు. మెట్టు ఉంది కనుక స్వరం తప్పదు. అందుకే దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. మెకానిక్కు చేసిన వాద్యం మెకానిక్కుల ఇంట్లో పుట్టిన మావాడికి నప్పదా?

వాడు వాయించడమే కాదు, బాగు చేస్తాడు కూడా. ఒక గది, ఒక బల్ల, నాలుగు ఆకురాళ్లు. వాడి దగ్గర కూర్చుంటే నాకు చాలా తెలిసింది. ఆ నాలుగు తీగలూ కలిసి మెడను లాగే బలువు 70 కిలోలకు పైమాటే. మెడ విరక్కుండా లోపల ఒక ఇనుప కడ్డీ దాచి ఉంటుంది. మే నెల ఎండకు చెక్క ముడుచుకుంటుంది, లోహపు మెట్లు ముడుచుకోవు. వాటి చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచెయ్యి గీసుకుపోతుంది. వానాకాలం చెక్క నీరు పీల్చి మెడ ముందుకు వంగుతుంది, తీగ ఎత్తు లేస్తుంది. అప్పుడు మొదటి మెట్టు దగ్గర ఒక వేలు, చివరి మెట్టు దగ్గర ఇంకో వేలు నొక్కి, మధ్యలో తీగకీ మెట్టుకీ సందు చూడాలి. సుమారు ఒక విజిటింగ్ కార్డు పట్టేంత ఉండాలి. లేకపోతే కడ్డీ మరను పావు చుట్టు తిప్పి ఆగాలి. 'ఆగాలి మామూ, చెక్క మాట వినడానికి టైము పడుతుంది' అంటాడు. కొత్త తీగలు కొనే డబ్బుల్లేనప్పుడు పాతవాటిని నీళ్లలో మరగబెడతాడు, మురికి వదిలి మళ్లీ మోగుతాయి. మా ఆపా నిహారీ దేగ్చీ ఒకటి అలాగే పోయింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

వాడు ఆదివారం పూట ఒక చర్చిలో వాయిస్తాడు. అక్కడి పాస్టరుగారు 'బాబూ, టైముకి రా' అంటాడు తప్ప సాయిబు చేతిలో ఇదేమిటని అడగలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరు పెద్దమనుషులకు జవాబు చెప్పాలి.

మొదటాయన పొద్దున్నే దేవుడి ముందు ఊదుబత్తి వెలిగిస్తాడు. ఆ ఊదు అరబీ మాట. ఊద్ అంటే కట్టె. ఆ కట్టెతో చేసిన తీగల వాద్యం పేరు కూడా ఊదే. అది అందలూసియా మీదుగా యూరప్ వెళ్లి అల్ ఊద్ కాస్తా లూట్ అయింది. లూట్ చేసేవాణ్ణి లూథియర్ అన్నారు. ఈ రోజు ప్రపంచమంతా గిటార్ చేసేవాణ్ణి పిలిచే పేరు అదే. గిటార్ మేమే కనిపెట్టామని నేను అనడం లేదు. అన్నీ మావాళ్లే కనిపెట్టారనే జబ్బు ఈ దేశంలో ఇప్పటికే చాలామందికి ఉంది, నాకు వద్దు. ఈ చెక్క, ఈ తీగ మాకు పరాయివి కావని మాత్రమే అంటున్నాను.

అంత దూరం ఎందుకు? మిరాజ్‌లో సితార్లు, తంబూరాలు చేసేవాళ్లు ఎవరు? కత్తులకు సానపట్టే షికల్గార్ ముస్లింలు. కత్తులకు గిరాకీ పోయాక సొరకాయ బుర్ర పట్టుకున్నారు. 2024లో ఆ సితార్‌కీ తంబూరాకీ జీఐ గుర్తింపు కూడా వచ్చింది. సినిమాల్లో ఇంకా మా చేతిలో కత్తే పెడుతున్నారు. మన నూజివీడులో పనస చెక్క తొలిచి వీణలు చేసే చేతులు ఎవరివి? సరస్వతి ఒడిలో ఉన్న వీణకు మెట్లు కట్టింది సాయిబని తెలిస్తే కొన్ని కచేరీలు ఆగిపోతాయేమో! కరవది షేక్ చినమౌలానా నాదస్వరం పట్టుకుని గుడి ముందు కూర్చుంటే 'చూశారా మతసామరస్యం' అన్నారు. ఆయన ఊపిరి ఎంత సేపు పట్టేవాడో, రాగం ఎలా విప్పేవాడో తర్వాతి మాట. మా విద్వత్తు కూడా మీ సామరస్యానికి సాక్ష్యంగానే పనికిరావాలా?

రెండో ఆయనకు. జనాబ్, ఇమామ్ గజాలీ తీగ వాద్యాలు వద్దన్నాడు, నిజమే. తాగుబోతుల మజ్లిసుల్లో మోగుతున్నాయని కారణం కూడా చెప్పాడు. వాద్యాల మీద చెప్పే హదీసులు నిలవవని, వాటిలో తప్పు లేదని ఇబ్న్ హజ్మ్ అన్నాడు. ఇద్దరూ మన ఆలిములే. వాళ్లే ఒక మాట మీద లేనప్పుడు, గుమ్మం దగ్గర నిలబడి ఇరవై రెండేళ్ల కుర్రాడికి కుఫ్ర్ చీటీ రాసే అధికారం మీకెవరిచ్చారు? పెళ్లి సంబంధం వస్తే 'అబ్బాయి బాజా వాయిస్తాడు' అని ముందే వెళ్లి చెప్పి వచ్చింది మీరే కదా. కట్నం అడిగిన ఇళ్లకు అలా వెళ్లి ఎన్నిసార్లు చెప్పారు?

అమెరికా నల్లవాళ్లలో 1956లో రూడీ మెక్‌డానియల్‌గా పుట్టినవాడు ఇస్లాం తీసుకుని జమాలుద్దీన్ టకుమా అయ్యాడు. 1970లలో ఆర్నెట్ కోల్మన్ పక్కన నిలబడి బేస్ గిటార్ వాయించాడు. అంతకు ముందే అహ్మద్ అబ్దుల్ మాలిక్ థెలోనియస్ మంక్ బృందంలో నిలువు బేస్ వాయించాడు, తన రికార్డుల్లో ఊద్ కూడా వాయించాడు. వాళ్లకు దీనులో అడ్డురానిది మా గల్లీలో ఎందుకు అడ్డొస్తోంది?

మోటౌన్ కంపెనీ పాటలకు ఒకే ఒక వేలితో బేస్ మీటిన జేమ్స్ జామర్సన్ పేరు ఏళ్ల తరబడి రికార్డు అట్టల మీద లేదు. 1971లో మార్విన్ గే ఆల్బం వచ్చేదాకా. మావాడి గదిలో ఆయన బొమ్మ ఉంది.

కిందటి నెల మావాడు మొదటిసారి సొంతంగా ఒక బేస్ చేశాడు. పడగొట్టిన ఇంటి టేకు దర్వాజా కొని కోసి, మెట్ల పలకకు జిట్రేగి వేశాడు. ఒక బ్యాండువాడు చూసి అడ్వాన్సు ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ, 'తల మీద నీ పేరు మాత్రం వెయ్యకు బ్రదర్, స్టేజీ మీద కనబడుతుంది, ఎందుకొచ్చిన గొడవ' అన్నాడట.

'ఏం చెయ్యను మామూ?' అని అడిగాడు.

అడ్వాన్సు తిరిగిచ్చెయ్ బేటా, అన్నాను. పలికినంత తేలిక కాదని నాకూ తెలుసు. గది అద్దె ఒకటో తారీఖున కట్టాలి. ఆ గది ఇచ్చింది నేను మొదట చెప్పిన పెద్దమనిషే.

గిటార్ గోడకు వేలాడుతోంది. పేరు వేసే చోట ఇంకా పాలిష్ పెట్టలేదు.