ఒత్తులు మింగే అక్షరాలు

మొన్న పెళ్లిచీరల కోసం మా అత్తగారూ నేనూ హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వెళ్లాం. ఒక కొట్టు ముందు ఆవిడ టక్కున ఆగిపోయారు.

"ఏమ్మా, ఈ 'దర' ఏంది? తగ్గింపులో ఒత్తు గూడా తీసేసినారా?"

తలెత్తి చూశాను. ఒత్తు ఉంది పాపం, ఉండీ లేనట్టుంది! అరచెయ్యంత మందాన దిద్దిన 'ధ' అడుగున ఉండాల్సిన చిన్న గీత ఆ లావులో కలిసిపోయింది.

ఇప్పుడెక్కడ చూసినా ఈ అక్షరాలే. స్కేలూ కంపాసూ పెట్టి గీసినట్టు, సన్నం మందం తేడా లేకుండా! అడిగితే "మోడరన్‌గా ఉంటుందండీ" అంటారు. ఆ మోడరన్‌కి ఇంచుమించు నూరేళ్లు! 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ గారి ఫ్యూచురా అచ్చక్షరాలు వచ్చాయి. వాటికి ఆధారం వృత్తాలూ, సరళరేఖలే. 1969లో చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నవీ అవే. అందమైనవే, కాదనను. కానీ అది ఇంగ్లీషు ఒంటికి కొలిచి కుట్టిన రవిక. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరానికి నెత్తిన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు, నడుమ చిన్న చిన్న ఖాళీలు! ఆ రవిక మనకి తొడిగితే ఊపిరాడుతుందా? ఖాళీ పూడిందంటే 'భ' కాస్తా 'బ' అవుతుంది. శుభలేఖలో శుభమే ఎగిరిపోతుంది!

ఇది అందచందాల గొడవ మాత్రమే కాదు. మా అత్తగారు చదివింది మూడో తరగతి. బస్సు బోర్డూ, మందుసీసా మీది చీటీ ఎవర్నీ అడక్కుండా చదువుకోగలగడమే ఆవిడ స్వాతంత్ర్యం. అక్షరం అలుక్కుపోతే ఆవిడ మళ్లీ ఒకరి మొహం చూడాల్సిందే.

"లావుగా రాయకపోతే దూరానికి కనబడదు కదా?" అనకండి. తిరుగు రైల్లో పెనుకొండ వచ్చింది. పసుపు పలక మీద నల్లటి అక్షరాలు. అవీ లావే! కానీ చుట్టూ చోటు వదిలారు. బండి ఆగకముందే అత్తగారు చదివేశారు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకి రాజధాని అయిన ఊరది. ఆ రాయల కొలువులోని కవుల పేర్లే పెట్టి పెద్దన, తిమ్మన, ధూర్జటి అంటూ సిలికానాంధ్ర వారు కంప్యూటరు ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. లావుపాటివి కావాలంటే రామభద్ర ఉంది. మనకోసం చేసినవి ఉండగా అరువు రవికలెందుకు?

ఒళ్లో ఉన్న చీర అంచు చూశాను. మామిడిపిందెలు. ధర్మవరం నేతగాళ్లు వాటిని ముందు గళ్లకాగితం మీద గడి గడి లెక్కపెట్టి దింపుతారు. ఉన్నవన్నీ చదరాలే, అయినా పిందె వంపు చెడదు. కాబట్టి తప్పు జామెట్రీది కాదమ్మా, శ్రద్ధ లేకపోవడానిది.

అంచులో ఒక్క పోగు తప్పితే చీర వెనక్కిచ్చేస్తాం. అక్షరానికి ఒత్తు పోతే ఎందుకు ఊరుకోవాలి? మీ ఇంటి శుభలేఖ ప్రూఫు వచ్చినప్పుడు ముందు ఇంట్లో పెద్దావిడ చేత చదివించండి. 'భ'కి ఒత్తు కనబడలేదా, నిర్మొహమాటంగా తిప్పి పంపండి. డబ్బులిచ్చేది మనమే కదా!