అన్నాన్ని అనుమానించరు!

మిర్యాలగూడ అనగానే బియ్యపు మిల్లులు గుర్తుకు వస్తాయి. 1967లో నాగార్జునసాగరం నీళ్ళు కాలువల్లోకి దిగినది మొదలు ఇటు కోదాడ దాకా వరే మాకు బతుకుతెరువు. ఇటువంటి చోట కూర్చుని అన్నం మీద నేరం మోపితే మావాళ్ళు ఊరుకుంటారా? అయినా ఈ వారం ఆ సాహసం చేయక తప్పడం లేదు.

కిందటి మాఘంలో కోదాడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. తెల్లవారుజామునే బగారా అన్నం వండి గుండిగలకు మూతలు పెట్టారు. ముహూర్తం, ఫోటోల ముచ్చట అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మిగిలిన అన్నాన్ని సాయంత్రం డబ్బాల్లో సర్దుకుని మా సూర్యాపేట బంధువులు బస్సెక్కారు. రాత్రి ఎనిమిదింటికి వేడిచేసుకుని తిన్నారు. పదింటికల్లా పిల్లలకు వాంతులు! దిష్టి తగిలిందన్నది మేనత్త. మాంసం మంచిది కాదన్నారు బావగారు. డాక్టరుగారు మాత్రం, "అన్నం ఎన్నింటికి వండారండీ?" అని అడిగారు. అందరూ ఆయనను వింతగా చూశారు.

ఆయన అడిగిందే అసలు ప్రశ్న. మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బియ్యంలోకీ చేరుతుంది. గట్టి కవచం తొడుక్కుని బీజంలా పడి ఉంటుంది కనుక ఎసరు మరిగినా చావదు. అన్నం గోరువెచ్చగా గంటలతరబడి ఉంటే మేలుకుని, పెరిగి, విషం పుట్టిస్తుంది. ఆ తరువాత ఎంత వేడిచేసినా ఆ విషం విరగదు. రుచీ, వాసనా మారకపోవచ్చు. తిన్న అరగంట మొదలు ఆరు గంటలలోపు వాంతులవుతాయి. 1970 దశకం మొదట్లో ఇంగ్లండులో ఫ్రైడ్ రైసు తిన్నవారు వరసగా జబ్బుపడడంతో ఈ గుట్టు బయటపడింది.

"మరి మన చద్దన్నం మాటేమిటి? పెద్దల మాట చద్దిమూట అన్నారు గదా!" అని మీరు నిలదీయవచ్చు. పోతనగారి గోపబాలురు చల్దులారగించిన ఘట్టం పాఠం చెప్పేవాణ్ణి, చద్దిని నేనెలా కాదంటాను? కాని చద్ది వేరు, మిగిలిపోయిన అన్నం వేరు. మజ్జిగలో నానిన అన్నానికి పులుపు కాపలా. బతుకమ్మ పండుగ సద్దుల్లో చింతపండు పులిహోర, పెరుగన్నం ఉండడమూ, ప్రయాణానికి పులిహోర కట్టి ఇవ్వడమూ ఊరికే కాదు. పులుపున్న చోట ఆ జీవి సుఖంగా పెరగలేదు. బగారాకు ఆ కాపలా లేదు. పులిహోరనైనా రోజులతరబడి దాచమని కాదు సుమా!

కనుక వండిన రెండు గంటల్లో వడ్డించండి. ఆలస్యమయ్యేటట్లుంటే 60 డిగ్రీలకు తగ్గకుండా పొగలు కక్కుతూ ఉంచండి. మిగిలితే గుండిగలో వదిలేయక, వెడల్పాటి పళ్ళాల్లో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఒక్కసారే బాగా వేడిచేసుకుని తినండి. బయట ఉండిపోయినదాన్ని మొహమాటం లేకుండా పారేయండి.

వాంతులు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. కలిపిన నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. మగత కమ్మినా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. పసివాళ్ళు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతదాకా ఆగనే కూడదు.

ఆ పిల్లలు తెల్లవారేసరికి తేరుకున్నారు. ముహూర్తం ఎన్నింటికని శుభలేఖ చూసి అందరం అడుగుతాం. అన్నం ఎన్నింటికి దించుతారని వంటవారిని అడిగే పెద్దమనిషి కూడా ప్రతి పెళ్ళిలో ఒకరుండాలి. అన్నం పరబ్రహ్మమే, కాదనను. ఆ పరబ్రహ్మానికీ ఒక వేళ ఉంది.