గోళీకాయ తవ్విన గొయ్యి

చుక్క రాలితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏదో కీడు శంకిస్తారు. "భూమివైపు దూసుకువస్తున్న గ్రహశకలం" అని పత్రికలో పడితే చదువుకున్నవాళ్ళూ అదే పని చేస్తారు. రెండు భయాలకూ మందు ఒకటే. అది ఇంటి అరుగుమీదే తయారవుతుంది.

లోతైన బేసినులో నాలుగు వేళ్ళ మందాన ముగ్గుపిండి పోయండి. పైన పల్చగా ఇటుకపొడి చల్లండి. పిల్లల చేతికి ఒక గోళీకాయ, ఒక స్కేలు ఇవ్వండి. మీరు మాత్రం ఉపన్యాసం మొదలుపెట్టకండి. ఆ జబ్బు మా పంతుళ్ళకు ఎలాగూ ఉంది!

మొదట మూరెడు ఎత్తునుంచి గోళీ వదలమనండి. గొయ్యి వెడల్పు కొలిచి రాయమనండి. తరువాత ఎత్తు నాలుగు మూరలు చేస్తే గొయ్యి ఎంతవుతుందో ఎవరి ఊహ వాళ్ళచేత ముందే రాయించండి. అసలు చదువు ఇక్కడుంది. నేను చేయించినప్పుడు అందరూ "నాలుగింతలు" అనే రాశారు. తీరా కొలిస్తే ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగింది. గోళీ శక్తి నాలుగింతలైన మాట నిజమే. కాని ఆ శక్తి పిండిని పక్కలకూ తొయ్యాలి, లోతుకూ తవ్వాలి, పైకీ ఎత్తిపొయ్యాలి. ఇన్ని పనులకు పంచుకుంటే వెడల్పుకు దక్కేది కొంచెమే.

లోపలి తెల్లపిండి ఎర్రపొడిమీద చారలుగా చిమ్ముతుంది చూడండి. పున్నమినాడు బైనాక్యులర్సుతో చంద్రుణ్ణి చూపిస్తే, టైకో అనే గొయ్యి చుట్టూ ఇలాంటి చారలే కనిపిస్తాయి. అవీ ఇలా పుట్టినవే.

మహారాష్ట్రలోని లోనార్ సరస్సు కూడా ఇటువంటి గొయ్యే. నల్లరాతిలో పడిన ఆ గొయ్యి వెడల్పు దాదాపు 1.8 కిలోమీటర్లు. "మరి పడిన రాయి ఏదండీ? మన గోళీ పిండిలోనే ఉందిగా!" అని ఒక పిల్ల అడిగింది. బంగారంలాంటి ప్రశ్న. మన గోళీ వేగం సెకనుకు ఆరు మీటర్లు. ఆకాశంనుంచి వచ్చేది సెకనుకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగంతో పడుతుంది. పడీపడగానే చాలావరకు కరిగి, ఆవిరైపోతుంది. ముఖం చంద్రబింబమన్నాం గదా అని ముఖంమీద కుందేలును వెతకం. పోలిక ఎక్కడిదాకా పనికివస్తుందో చెప్పడమూ పాఠమే.

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలోనుంచి పోతుంది. కనీసం నూరేళ్ళదాకా అది మనల్ని తాకదని 2021లోనే లెక్క తేల్చారు. అయినా ఆ రోజు దగ్గరపడేకొద్దీ ప్రళయం కబుర్లు పుట్టకమానవు. అప్పుడు "ఎంత పెద్దది? ఎంత వేగం? ఎంత దూరం?" అని నిలబెట్టి అడిగే పిల్ల ఇంటికొకతె ఉంటే, ఆ కబురు గడప దాటి లోపలికి రాదు. అందుకయ్యే ఖర్చు ఒక గోళీకాయ, కాస్త ముగ్గుపిండి.