నీరు తగ్గినా వడపోత తగ్గరాదు

నదీజలాలు సముద్రపు నీటితో కలిసే చోట, పోటుకు మునిగి పాటుకు తేలే బురద నేలలపై మడ్‌స్కిప్పర్ చేపలు, ఫిడ్లర్ పీతలు జీవిస్తాయి. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులు ఇందుకు చక్కని ఉదాహరణ. ఇటువంటి జీవులను ప్రయోగశాలలో పెంచదలచినప్పుడు అక్వేరియాన్ని అంచు వరకు నింపడం కుదరదు. కొంత భాగం బ్రాకిష్ నీరుగా, కొంత భాగం గట్టుగా ఉంచవలసి ఉంటుంది. నీరు తక్కువ గనుక చిన్న ఫిల్టరు చాలునన్న భావన ఇక్కడే తలెత్తుతుంది. ఈ భావన సరైనది కాదు.

ఫిల్టరు మోయవలసిన భారాన్ని ప్రధానంగా నిర్ణయించేది తొట్టిలోని నీరు కాదు, తొట్టిలో పడే మేత. అదే మేతలోని మాంసకృత్తుల నుండి వెలువడే అమ్మోనియా, నీరు ఎక్కువైనా తక్కువైనా అంతే ఉంటుంది. నీటి పరిమాణం ఇచ్చేది వ్యవధి మాత్రమే. ఉదాహరణకు 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల తొట్టి పూర్తిగా నిండితే సుమారు 182 లీటర్లు పడతాయి. 15 సెం.మీ. లోతు వరకే నింపితే అది 60 లీటర్లు. ఇసుక, రాళ్లు ఆక్రమించే స్థలాన్ని తీసివేస్తే మిగిలేది 50 లీటర్లే అనుకోవచ్చు. అప్పుడు అదే మేతకు అమ్మోనియా గాఢత మూడున్నర రెట్లు వేగంగా పెరుగుతుంది. పైగా బ్రాకిష్ నీటి ఉదజని సూచిక సాధారణంగా 8 దరిదాపుల్లో ఉంటుంది. ఈ సూచిక 7 నుండి 8కి చేరినప్పుడు, జీవులకు హాని చేసే అయనీకరణం చెందని అమ్మోనియా వాటా దాదాపు పదిరెట్లవుతుంది.

ఆవిరి విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. లవణీయత 15 పి.పి.టి. ఉన్నప్పుడు నీటిమట్టం 1 సెం.మీ. తగ్గితే, నిండు తొట్టిలో అది 15.3కు చేరుతుంది, 15 సెం.మీ. లోతు నీటిలో 16 దాటుతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కనుక తగ్గిన మేరకు మంచినీటినే చేర్చాలి.

పరికరాల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. అంచుకు వేలాడదీసే ఫిల్టర్లు నిండు తొట్టి కోసం రూపొందినవి. మట్టం బాగా తగ్గితే వాటి గొట్టం నీటిని అందుకోలేదు. అందుకున్నా, ఎత్తు నుండి పడే నీటి తుంపరలు అంచులపై, మూతపై ఉప్పు పేరుకునేలా చేస్తాయి. తక్కువ లోతులో పొట్టి స్పాంజి ఫిల్టరు, లేదా అడ్డంగా పడుకోబెట్టినా పనిచేసేలా తయారైన ముంపు ఫిల్టరు మేలు. అంతకంటే మెరుగైన మార్గం గట్టునే ఫిల్టరుగా మార్చడం. చిన్న ముంపు పంపుతో నీటిని గట్టుపైకి ఎత్తి, కంకర లేదా రంధ్రాలు గల మాధ్యమం గుండా నెమ్మదిగా కిందికి జారనివ్వాలి. నైట్రీకరణ బాక్టీరియా 1 మి.గ్రా. అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సుమారు 4.6 మి.గ్రా. ఆక్సిజన్ వినియోగిస్తుంది. గాలి తగిలే తడి మాధ్యమంలో ఆ ఆక్సిజన్ సులభంగా లభిస్తుంది. తొట్టిలో నీరు లేని భాగం అప్పుడు లోపం కాదు, వనరు అవుతుంది.

అయితే ఏ ఫిల్టరైనా అమర్చిన రోజే పనిచేయదు. బాక్టీరియా స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మంచినీటిలో పక్వమైన ఫిల్టరును ఒక్కసారిగా ఉప్పునీటిలోకి మార్చితే దాని సామర్థ్యం పడిపోతుంది. కాబట్టి ఉంచదలచిన లవణీయతలోనే, జీవులను వదలక ముందే, కొద్దిపాటి అమ్మోనియం క్లోరైడుతో ఫిల్టరును పక్వం చేయాలి. వేసిన అమ్మోనియా, దాని నుండి ఏర్పడిన నైట్రైటు ఒక రోజులోపు కనిపించకుండా పోయినప్పుడే జీవులను వదలడం క్షేమం. నైట్రీకరణ క్షారతను కూడా హరిస్తుంది గనుక దానిని తరచు పరీక్షిస్తుండాలి.

నీరు కొద్దిగానే ఉంది గనుక తరచు మార్చితే ఫిల్టరు అక్కరలేదని వాదించేవారు ఉండవచ్చు. నీటి మార్పిడి అవసరమే. కాని ఒక్క సెలవు రోజు మార్పిడి తప్పితే, 50 లీటర్ల నీరు ఆ తప్పిదాన్ని మన్నించదు. చేపలు బతికే ఉన్నాయి కదా అనే మరో సమాధానం కూడా నిలవదు. కొన్ని మడ్‌స్కిప్పర్ జాతులు అధిక అమ్మోనియాను సైతం తట్టుకుంటాయి. అవసరమైతే నీటిని వీడి గట్టెక్కుతాయి. వాటి మనుగడ నీటి నాణ్యతకు రుజువు కాదు. పరీక్షా ఫలితమే రుజువు.

ఈ క్రమశిక్షణ అలంకారపు తొట్టికే పరిమితం కాదు. మేతను బట్టి భారాన్ని అంచనా వేయడం, లవణీయతకు తగిన బాక్టీరియాను ముందుగా సిద్ధం చేయడం రొయ్యల హేచరీలలోనూ, నీటిని తిరిగి వాడే సాగు విధానాలలోనూ అనుసరించవలసిన నియమాలే. విద్యార్థి ఒక చిన్న తొట్టి వద్ద వీటిని స్వయంగా లెక్కకట్టి నేర్చుకుంటే, రేపు విస్తరణ శాస్త్రవేత్తగా రైతు చెరువు గట్టున నిలిచి చెప్పే మాటకు బలం చేకూరుతుంది. జీవుల సేకరణలోనూ ఇదే బాధ్యత వర్తిస్తుంది. 1978 నుండి కోరింగ వన్యప్రాణి అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడి జీవులను పట్టరాదు. అనుమతితో తెచ్చిన జీవి పక్వం కాని ఫిల్టరు కారణంగా మరణిస్తే, ఆ ప్రదర్శన బోధించేది మడ అడవుల విలువను కాదు, నిర్లక్ష్యాన్ని.